పడవ కొనే ముందు రెండు బకెట్ల నీళ్లతో బతికి చూడు

అల్లుడూ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు నన్ను వాయించింది. నీకు ఈ పిచ్చి పట్టించింది నేనేనట, నేను పంపిన ఫోటోలు చూసి చూసి నువ్వు ఉద్యోగం మానేసి మలేషియా దీవి లంకావి పోయి తెరచాప పడవ కొంటానంటున్నావట, "వరంగల్‌ల పుట్టినోళ్లకు సముద్రమెందుకురా, భద్రకాళి చెరువు సాలదా" అని ఒకటే లొల్లి. సగం తప్పు నాదే, ఒప్పుకుంటా. మీ అత్తమ్మ డెక్ మీద కూర్చుని కొబ్బరిబోండం తాగుతున్న ఫోటో పంపాను గానీ, అదే రోజు పొద్దున నేను టాయిలెట్ పంపు విప్పుకుని ఏ అవతారంలో ఉన్నానో ఆ ఫోటో పంపలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. వెళ్లొద్దని మాత్రం చెప్పను. ముప్పై ఏళ్లు సరుకు ఓడల ఇంజిన్ రూముల్లో చెమటోడ్చి, రిటైరయ్యాక మళ్లీ సొంత డబ్బు పెట్టి 38 అడుగుల పాత పడవ కొనుక్కుని, నాలుగేళ్లు మలేషియా, థాయిలాండ్, ఇండోనేషియా దీవుల్లో తిరిగొచ్చినవాణ్ని, ఆ మాట నా నోటి నుంచి ఎట్లా వస్తుంది?

తెరచాప ఎత్తి నడిపేది నువ్వనుకున్నంత ఉండదు. మేమైతే పది రోజుల్లో ఎనిమిది రోజులు ఏదో ఒక దీవి పక్కన లంగరేసుకునే ఉన్నాం. నడిచినప్పుడు కూడా వేగం అయిదారు నాట్లు (మన వరి నాట్లు కాదు), అంటే గంటకు పది కిలోమీటర్లు. ఆ లెక్కన హన్మకొండలో తెల్లవారుజామున బయల్దేరితే హైదరాబాద్ చేరేసరికి రాత్రి భోజనాల వేళ అవుతుంది. లంకావి నుంచి థాయిలాండ్‌లోని ఫుకెట్ సుమారు 120 నాటికల్ మైళ్లు (దాదాపు 220 కిలోమీటర్లు), మేం ఆగుతూ ఆగుతూ మూడు వారాలు చేశాం. పైగా భూమధ్యరేఖ దగ్గర గాలి మెల్లగా వీస్తుంది, తెరచాప పడవ అని పేరే గానీ సగం దూరం డీజిల్ ఇంజిన్ మీదే పోతావు. మిగిలిందంతా ఇంటి పనే. ఆ ఇంటికి నల్లా లేదు, కరెంటు స్తంభం లేదు, పైగా ఇల్లు ఊగుతుంటుంది.

నీళ్ల సంగతి చెప్తా, ఎందుకంటే నీ సత్తా తేలేది అక్కడే. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, పరకాల దగ్గర ఊళ్లో ఎండాకాలం ఎట్లా గడిపేదో నీకు తెలియదు. బాయి అడుగంటితే రెండు బొక్కెనలు తోడి గోలెంలో పోసుకుని, బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, ముఖం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు, గిన్నెలు ముందు బూడిదతో తోమి ఆఖరున ఒక్క చెంబుతో తొలిచేది. పడవ మీద నేను చేసింది అచ్చంగా ఇదే. మా ట్యాంకు 300 లీటర్లు. ఇద్దరం కలిసి రోజుకు పాతిక లీటర్లు దాటకుండా చూసుకుంటే పన్నెండు రోజులు వచ్చేది. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి మంచినీళ్లతో ఒక్కసారి తొలవడం, స్నానం సముద్రంలో చేసి చెట్లకు కొట్టే స్ప్రే డబ్బాతో లీటరున్నర ఒంటి మీద కొట్టుకోవడం, అంతే. ఆ లీటరున్నర మానేస్తే కుదరదు రా, ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఉప్పునీళ్లలో ఉతికిన తువ్వాల మూడు రోజులైనా ఆరదు, అట్లనే పడుకుంటే పరుపు కూడా తడిసి చిరచిరలాడుతుంది. ఒక్క మంచి వాన పడిందంటే మాకు పండగ, డెక్ మీద కట్టిన పరదాకు నడుమ పైపు పెట్టి ట్యాంకులోకి వదిలేవాళ్లం. ముందు పది నిమిషాల వాన నీళ్లు మాత్రం పోనివ్వు, పరదా మీది ఉప్పూ పిట్టల రెట్టా కడుక్కుపోవాలి.

సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే మిషన్ పెట్టిస్తానన్నావట. పెట్టించుకో, తప్పులేదు. అది మన వీధిలో ఆర్వో ప్లాంటు లాంటిదే, కాకపోతే ఉప్పు వడగట్టడానికి ఒత్తిడి చాలా ఎక్కువ కావాలి, 55 బార్ దాకా (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 55 రెట్లు), అందుకే కరెంటు బాగా తాగుతుంది. రేవు నీళ్లలో డీజిల్ తెట్టె ఉన్నచోట దాన్ని వేయకు, నూనె తగిలితే లోపలి పొర పాడైపోతుంది. వాడకుండా వదిలేసినా పాడవుతుంది. మిషన్ ఉంది కదా అని ధీమాగా ట్యాంకు ఖాళీ చేసుకున్న ఒక జంట మా దగ్గరికి డబ్బా పట్టుకుని వచ్చారు, నేనూ మీ అత్తమ్మా ఒకరి మొఖం ఒకరు చూసుకుని ఇరవై లీటర్లు పోశాం.

కరెంటుదీ ఇదే లెక్క. సోలార్ పలకలు పగలు బ్యాటరీ నింపుతాయి, రాత్రి నువ్వు తింటావు. అన్నిటికంటే తిండిబోతు ఫ్రిజ్, ఆ వేడికి రోజంతా గుయ్యిమంటూనే ఉంటుంది. రెండు రోజులు మొగులు పట్టిందంటే ల్యాప్‌టాప్ కావాలో చల్లటి నీళ్లు కావాలో తేల్చుకోవాలి. మీటింగులు పడవ నుంచే చేస్తానన్నావు కదా, సిగ్నల్ దొరికే లంగరు చోటూ గాలి తగలని లంగరు చోటూ ప్రతిసారీ ఒకటే అవుతుందనుకోకు.

ఇక లంగరు. నేను ఓడల్లో అన్నేళ్లు పనిచేశానన్న పొగరుతో పడవ కొన్న మొదటి ఏడే దెబ్బతిన్న సంగతి మీ అమ్మకు కూడా చెప్పలేదు. జూన్ నెల, మలేషియా పడమటి తీరంలో పాంకోర్ దీవి దగ్గర, సాయంత్రం నీళ్లు ఆటులో ఉన్నప్పుడు అయిదు మీటర్ల లోతులో లంగరేశాను. ఇరవై అయిదు మీటర్ల చెయిన్ వదిలాను, లోతుకు అయిదింతలు ఉండాలంటారు కదా అని. రెండు మర్చిపోయాను. లోతును నీటి మట్టం నుంచి కాదు, పడవ ముక్కు నుంచి కొలవాలి, అది ఇంకో మీటరు ఎత్తు. రెండోది, రాత్రికి పోటు వచ్చి ఇంకో రెండు మీటర్లు పెరుగుతుంది. అంటే అర్ధరాత్రికి నా అయిదింతలు కాస్తా మూడింతలయింది. అక్కడి మలక్కా జలసంధిలో ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా సుమత్రా వైపు నుంచి తెల్లవారుజామున గాలిదుమారాలు లేస్తాయి, వాటిని అక్కడ సుమత్రాస్ అనే పిలుస్తారు, నలభై నాట్లు దాటి కొడతాయి. నాలుగు గంటలకు నిద్రలో చెయిన్ గరగర విన్నాను. బయటికొచ్చి చూస్తే మా పడవ జారుకుంటూ వెనుక ఉన్న చేపల పడవ మీదికి పోతోంది, వాన సూదుల్లా గుచ్చుతోంది, మీ అత్తమ్మ టార్చిలైటు పట్టుకుని అరుస్తోంది గానీ ఒక్క ముక్క వినపడదు. ఇంజిన్ మొదటిసారే అందుకుంది కాబట్టి బతికాం, మధ్య దూరం నాలుగు గజాలు కూడా లేదు. ఆ తర్వాత మేమిద్దరం చేతి సైగలు పెట్టుకున్నాం, ముందుకు, వెనక్కి, ఆపు, చెయిన్ వదులు. లంగరేసేటప్పుడు మొగుడూ పెళ్లాలు అరుచుకుంటుంటే చుట్టూ ఉన్న పడవలవాళ్లు కుర్చీలేసుకుని చూస్తారు, అదక్కడ ఉచిత నాటకం. నువ్వూ మా బిడ్డా ఆ సైగలు ఇంట్లోనే నేర్చుకోండి. లంగరు దిగాక ఇంజిన్ వెనక్కి నడిపి బిగిసిందో లేదో చూసుకో, పడవ జారితే మోగే అలారం ఫోన్‌లో పెట్టుకో, ఎప్పుడైనా అనుమానమొస్తే ఇంకో పది మీటర్ల చెయిన్ వదులు, డబ్బాలో ఉన్న చెయిన్ ఎవడికీ ఉపయోగపడదు. పగడాల మీద మాత్రం వేయకు, ఇసుక మచ్చ వెతుక్కో. పగడపు దిబ్బల మధ్యకు పోవాలంటే సూర్యుడు నడినెత్తిన గానీ వెనుక గానీ ఉన్నప్పుడే పో, ఎండ ఎదురుగా ఉంటే నీటి అడుగు కనపడదు.

వంట విషయంలో మనం అదృష్టవంతులం. పడవల మీద తెల్లవాళ్లు డబ్బా కూరలు తింటుంటే మేం కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి, మామిడికాయ తొక్కుతో రాజుల్లా బతికాం. వండకుండా అయిపోయే పచ్చిపులుసుకు సరిపోయే వంటకం పడవకు ఇంకోటి లేదు. ప్రెషర్ కుక్కర్ తప్పకుండా పెట్టుకో, గ్యాసూ మిగులుతుంది, కెరటానికి పొయ్యి ఊగినా మూత ఊడదు. కోడిగుడ్లు ఎప్పుడూ ఫ్రిజ్‌లో పెట్టనివి, కడగనివి చూసి కొను, మూడు రోజులకోసారి తిప్పి పెడితే వారాల తరబడి ఉంటాయి. క్యాబేజీ, గుమ్మడికాయ, ఉల్లిగడ్డ బాగా ఆగుతాయి, టమాటాలు పచ్చివే కొనుక్కో. అట్టపెట్టెలు మాత్రం ఒక్కటి కూడా పడవలోకి రానీయకు. బొద్దింకలు వాటి మడతల్లో గుడ్లు పెడతాయి, ఒకసారి ఎక్కాయంటే అవే యజమానులు, నువ్వు అద్దెకుంటున్నట్టు లెక్క. అరటి గెల కొంటే సముద్రంలో ముంచి తీసి ఎక్కించు.

గ్యాస్ దగ్గర నిర్లక్ష్యం వద్దు. ఇంట్లో లీకైతే తలుపులు తెరుస్తాం, పోతుంది. వంటగ్యాస్ గాలికంటే బరువు, పడవలో అది అడుగుకు దిగి నీళ్లలా నిలుస్తుంది, బయటికి దారి ఉండదు, ఒక్క రవ్వ చాలు. సిలిండర్ బయట, అడుగున రంధ్రమున్న పెట్టెలోనే ఉండాలి, టీ పెట్టుకున్న ప్రతిసారీ పొయ్యి దగ్గర కాదు, సిలిండర్ దగ్గరే కట్టేయాలి. మీ అత్తమ్మ ఇక్కడ హన్మకొండలో కూడా ఇంకా అట్లనే కట్టేస్తుంది.

చేపలు పడతావు, సంతోషం. కానీ రేపు పసిఫిక్ వైపో కరీబియన్ వైపో పోతే పగడపు దిబ్బల మీద తిరిగే పెద్ద చేపల్లో సిగ్వటెరా అనే విషం ఉంటుంది, ఉడికించినా వేపినా పోదు, తింటే చల్లనిది ముట్టుకున్నా కాలినట్టు అనిపిస్తుంది. ఆ దీవివాళ్లు ఏ చేప తింటారో అడిగి అదే తిను. పగడం గీరుకున్న చిన్న గీతను కూడా వెంటనే మంచినీళ్లతో కడిగి మందు రాయి, ఆ ఉక్కకు రెండు రోజుల్లో చీము పడుతుంది. దోమతెరలు పెట్టించు, డెంగీ అక్కడా ఉంది.

డింగీ (ఒడ్డుకు పోయే చిన్న పడవ) అంటే నీ స్కూటర్, కూరగాయలకూ కాగితాల పనికీ దాని మీదే పోవాలి, రాత్రి పైకెత్తి తాళమెయ్యి. పడవ కొనేటప్పుడు ఇంకొకరి కళ్లను నమ్మకు. నేను డబ్బిచ్చి పెట్టుకున్న పరిశీలకుడు అంతా భేషుగ్గా ఉందని రాసిచ్చాడు, మూడో నెలలో తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే తీగల్లో ఒకటి పోగులు పోగులుగా లేచింది. పదేళ్లు దాటిన తీగలైతే మార్చే ఖర్చు ధరలో తగ్గించమను. ఇంకా వీసాలు, మన పాస్‌పోర్టుకు విమానంలో దిగితే ఒక రూలు, పడవలో దిగితే ఇంకో రూలు ఉండొచ్చు, ప్రతి దేశానికీ ముందే విడిగా కనుక్కో. కాలం చూసుకో, ఫుకెట్ వైపు తిరగడానికి డిసెంబర్ నుంచి మార్చి దాకా బాగుంటుంది. కరీబియన్‌లో జూన్ నుంచి నవంబర్, దక్షిణ పసిఫిక్‌లో నవంబర్ నుంచి ఏప్రిల్ తుఫాన్ల కాలం, అప్పుడు అటు వద్దు.

మీ అమ్మతో వాదించేటప్పుడు వాడుకో: మన హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఇంకో అయిదుగురు నేవీ అమ్మాయిలతో కలిసి తారిణి అనే తెరచాప పడవలో 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి, ప్రపంచమంతా చుట్టి 2018 మేలో తిరిగొచ్చింది. సముద్రం లేని ఊరివాళ్లకు చేతకాదనేది ఉత్త మాట. అయితే ఆమె ముందు నేర్చుకుని పోయింది. నువ్వు కూడా హుస్సేన్ సాగర్‌లో చిన్న పడవ మీద ఆరు నెలలు ఆదివారాలు తిరుగు, నాలుగుసార్లు బోర్లాపడు, గాలి ఎటు నుంచి వస్తోందో చెంపకే తెలియాలి.

చెక్కు మీద సంతకం పెట్టేముందు ఇంకొకటి. మే నెలలో సెలవు పెట్టి ఇద్దరూ మా ఇంటికి రండి, పన్నెండు రోజులు. మేడ మీది చిన్న గది ఇస్తా, అది పడవకంటే కొంచెం పెద్దదే. మోటారు కట్టేస్తా. రోజుకు ఇద్దరికీ కలిపి రెండు బకెట్లు, తాగడానికీ వంటకూ స్నానానికీ అన్నిటికీ అవే. ఏసీ లేదు, ఫ్యాను రాత్రి రెండు గంటలు. ఉతికిన బట్టలు గదిలోనే ఆరేసుకోవాలి. బకెట్లు నేనే నింపి పొద్దున ఆరింటికి మెట్ల మీద పెడతా, మళ్లీ అడిగితే మీ అత్తమ్మ జాలిపడి పోస్తుందేమో, అందుకని ఆమెను ఆ పన్నెండు రోజులూ కాజీపేట చెల్లె ఇంటికి పంపిస్తున్నా. వచ్చేటప్పుడు తలకు కట్టుకునే లైట్లు రెండు తెచ్చుకోండి.

మీ మామ
హన్మకొండ