థండర్‌బర్డ్ ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్ని ఆప్షన్లు ఎందుకు? కొన్ని తీసేయొచ్చు కదా?

ప్రశ్న: పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మామయ్యకి థండర్‌బర్డ్ వేసిచ్చాను. మెనూలు చూసి టెన్షన్ పడుతున్నారు. ఉచిత సాఫ్ట్‌వేర్‌ని ఇంకాస్త తేలిగ్గా చేయలేరా?

జవాబు: చేర్చడం తేలికే, తీసేయడమే కష్టం. ఎవరూ వాడరనుకున్న ఆప్షన్ మీదే ఎక్కడో ఒకరి రోజువారీ పని నడుస్తుంటుంది. అది తీసేస్తే గోల మొదలవుతుంది. అందుకే పెరుగుతూ పోతాయి. క్యాలెండర్ మొదట విడి యాడ్-ఆన్ (మనమే విడిగా జోడించుకోవాల్సింది), 2015 నుంచి థండర్‌బర్డ్‌తో కలిపే ఇస్తున్నారు. 2020లో 78వ వెర్షన్‌తో మెయిల్‌ని పంపినవారు, అందుకున్నవారు తప్ప ఇంకెవరూ చదవలేకుండా చేసే ఓపెన్‌పీజీపీ ఎన్‌క్రిప్షన్ చేరింది (మామయ్యగారికి దాని జోలికి వెళ్లే పనే లేదు).

నా దృష్టిలో సమస్య ఆప్షన్లు ఉండటం కాదు, అన్నీ ఒకేసారి కళ్లెదుట పడటం. 2023లో వచ్చిన 115వ వెర్షన్‌లో రూపం మార్చి, మెయిల్స్‌ని కార్డుల్లా చూపించే పద్ధతి పెట్టారు. అది ఆన్ చేసి, అక్షరాల సైజు పెంచండి. టూల్‌బార్ మీద రైట్ క్లిక్ చేస్తే అక్కర్లేని బటన్లు తీసేయొచ్చు. తర్వాత, వచ్చిన మెయిల్స్‌ని వాటంతటవే సర్దిపెట్టే మెసేజ్ ఫిల్టర్స్‌లో ఒక్క నియమం రాయండి: సబ్జెక్టులో ‘డబ్ల్యూ320’ (జీడిపప్పు గ్రేడు పేరు) ఉంటే ‘ఆర్డర్లు’ ఫోల్డర్‌లోకి వెళ్లాలి. ఇక ఆయన ఆ ఒక్క ఫోల్డర్ తెరిస్తే చాలు. ఆ ఫిల్టర్ కూడా మీరు విసుక్కుంటున్న ఆప్షన్లలో ఒకటే!

పాత కంప్యూటరైతే క్లాజ్ మెయిల్ అనే మరో ఉచిత మెయిల్ సాఫ్ట్‌వేర్ దాని మీద తక్కువ భారం వేస్తుంది. కానీ అందులో హెచ్‌టీఎంఎల్ మెయిల్ (రంగులు, పట్టికలు ఉండే మెయిల్) రాయలేం. ధరల పట్టిక రంగుల్లో పంపాలంటే కుదరదు, ఫైల్ జోడించాల్సిందే.