పాత ఇంటి సీలింగు గీకాక పొడిదగ్గు... ఎక్స్‌రే తీయించాలా?

ప్రశ్న: నా వయసు 38. అమెరికాలోని న్యూజెర్సీలో 1974లో కట్టిన ఇల్లు కొన్నాం. రెండు గదుల్లో పొక్కులు పొక్కులుగా ఉన్న పాత ‘పాప్‌కార్న్’ సీలింగును నేనే గీకి, డ్రైవాల్ (జిప్సం బోర్డు) బీటలకు జాయింట్ కాంపౌండ్ (బీటలు పూడ్చే ముద్ద) పెట్టి, సాండింగ్ చేసి (గరుకు కాగితంతో రుద్ది), కొత్త టెక్స్చర్ (గరుకు పూత) కొట్టాను. పది రోజులుగా పొడిదగ్గు, గొంతు గరగర. పాత సీలింగులో ఆస్బెస్టాస్ (ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజపు పీచు) ఉండొచ్చని ఇప్పుడు తెలిసింది. ఇంకో గది మిగిలింది, ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. ఎక్స్‌రే తీయించుకోవాలా?

జవాబు: ఇప్పుడు ఎక్స్‌రే తీసినా మీ భయానికి జవాబు దొరకదు. ఆస్బెస్టాస్ పీచు ఊపిరితిత్తుల్లోకి చేరినా పది రోజుల్లో దగ్గు రాదు. దానివల్ల వచ్చే జబ్బులు బయటపడటానికి పదేళ్ల నుంచి నలభై ఏళ్లకు పైగా పడుతుంది, అవి కూడా ఎక్కువగా ఏళ్ల తరబడి ఆ దుమ్ములో పనిచేసిన వారిలోనే కనిపిస్తాయి. మీ దగ్గుకు జాయింట్ కాంపౌండ్‌ను సాండింగ్ చేసినప్పుడు లేచిన సున్నపురాయి, జిప్సం, టాల్క్ పొడి కారణమై ఉండే అవకాశమే ఎక్కువ. దుమ్ముకు దూరంగా ఉంటే ఇది సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. అలా తగ్గకపోయినా, ఆయాసం, పిల్లికూతలు, జ్వరం, కళ్లెలో రక్తం కనిపించినా వెంటనే వైద్యుణ్ని కలవండి. పొగతాగే అలవాటుంటే మానేయండి. ఆస్బెస్టాస్‌కు పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది ఆ మిగిలిన గది. అలంకరణ కోసం ఆస్బెస్టాస్ కలిపిన పూతను స్ప్రే చేయడాన్ని అమెరికా 1978లో నిషేధించింది, అంటే మీ ఇల్లు అంతకు ముందుది. అప్పటి జాయింట్ కాంపౌండ్‌లో కూడా ఆస్బెస్టాస్ ఉండేది. మన ఊళ్లలోని సిమెంటు రేకుల్లో ఈ పీచు గట్టిగా బిగుసుకుని ఉంటుంది గానీ, సీలింగు పూత గీకగానే పొడై గాలిలో కలుస్తుంది. కాబట్టి శిక్షణ పొందినవారితో నమూనా తీయించి, గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్ష చేయించేదాకా దాన్ని ముట్టుకోకండి. చెక్కుచెదరకుండా ఉన్న పూతను కదిలించకపోతే దానివల్ల దాదాపు ప్రమాదం ఉండదు. ఆస్బెస్టాస్ ఉందని తేలితే, దాన్ని తీయించడమైనా, పైన కొత్త బోర్డు బిగించడమైనా లైసెన్సున్న పనివారికే అప్పగించండి. ఆ పీచును ఆపడానికి మామూలు ఎన్95 మాస్కు చాలదు.

ఫలితం వచ్చేదాకా మీరు గీకిన రెండు గదుల్లోకి పాపను పోనివ్వకండి. అక్కడ చీపురు గానీ మామూలు వాక్యూమ్ గానీ వాడితే కిందికి దిగిన దుమ్ము మళ్లీ లేస్తుంది. పాపకు కూడా ఎక్స్‌రే అక్కర్లేదు. అయితే 1978కి ముందు ఇళ్లకు వేసిన రంగుల్లో సీసం ఉండేది కాబట్టి, పాపకు రక్తంలో సీసం ఎంత ఉందో తెలిపే పరీక్ష మాత్రం పిల్లల వైద్యుడి ద్వారా ఈ వారమే చేయించండి.