వాగులో ఆవులు: ఒక పాఠకురాలి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, నెవాడా రాష్ట్రంలోని ఎల్కోలో ఉంటాడు. పోయిన జులైలో మమ్మల్ని కొండల్లోకి తీసుకెళ్లాడు. ప్రభుత్వ భూమి అని బోర్డు ఉంది, కానీ వాగు నడుమ ఆవులు నిలబడి ఉన్నాయి. నీళ్లు బురదగా ఉన్నాయి. మనవలు అందులో కాళ్లు తడిపారు. ప్రమాదమేమైనా ఉందా? ప్రభుత్వ భూమిలోకి పశువుల్ని ఎందుకు రానిస్తారు?

జవాబు: ముందు మనవల సంగతి చెబుతానమ్మా. కాళ్లు తడిసినందుకు భయపడకండి. ఏమైనా తినేముందు సబ్బుతో చేతులు కడిగిస్తే సరిపోతుంది. కాలికి పుండు ఉంటే మాత్రం దిగనివ్వకండి. ఆ నీళ్లు అద్దంలా కనబడినా తాగొద్దు. పేడలోంచి ఇ.కొలై అనే బ్యాక్టీరియా వస్తుంది, చిన్న దూడలుంటే క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల క్రిమి కూడా వస్తుంది. దానికి క్లోరిన్ బిళ్లలు చాలవు, నీళ్లు కాచాల్సిందే. 6,500 అడుగులకు పైన ఉంటే మరగడం మొదలయ్యాక 3 నిమిషాలు ఉంచాలి.

పశువులు అక్కడ మేయడం దొంగమేత కాదు. 1934లో టేలర్ గ్రేజింగ్ చట్టం వచ్చేదాకా ఆ బయళ్లు ఎవరు ముందొస్తే వాళ్లవే. ఆవులూ గొర్రెలూ గడ్డిని మొదలంటా నాకేశాయి. ఆ తర్వాతే పర్మిట్లు మొదలయ్యాయి. ఇప్పుడు ఆ ప్రభుత్వ భూముల్ని చూసుకునే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ మామూలుగా 10 ఏళ్లకు పర్మిట్ ఇస్తుంది. ఏ బీడులో, ఎన్ని పశువులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని అందులో రాస్తారు. ఆవూ దూడా ఒక నెల మేయడానికి కనీస రుసుము 1.35 డాలర్లు. మరీ చవక అని చాలామంది కోప్పడతారు. నా పట్టుదల మాత్రం ఆ తేదీల మీద.

నేను నెవాడాలో చాలా ఏళ్లు వాగుల నీళ్లు పరీక్షకు పట్టాను. సీసాలో పట్టిన నీళ్లు ఐసులో పెట్టి, 6 గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి. జనం దిగే నీళ్లలో 100 మిల్లీలీటర్లకు ఇ.కొలై సగటు 126 దాటకూడదన్నది అమెరికా పర్యావరణ సంస్థ సూచించిన హద్దు. ఒకరోజు పొద్దున్నే, మంద ఇంకా దిగకముందు, పొరపాటున సీసాకు ఎగువన వాగులో నడిచాను. అడుగు మట్టి లేచి నా సీసాలోకి వచ్చింది. ఆవు ఒక్కటీ లేకపోయినా లెక్క హద్దు దాటేసింది. పేడ క్రిములు అడుగు బురదలో వారాల తరబడి బతికి ఉంటాయి. ఏ కాలు కదిపినా పైకి లేస్తాయి.

ఎండాకాలం మధ్యాహ్నం ఆవు నీడనీ నీటినీ వదిలిపోదు. రోజుకు 50 లీటర్ల పైనే తాగుతుంది, తాగినచోటే పేడ వేస్తుంది. గట్టుమీది తుంగ, విల్లో చెట్ల చిగుళ్లు కొరికేస్తుంది. వేళ్లు పోయాక గట్టు విరిగి వాగులో పడుతుంది. వాగు వెడల్పవుతుంది, నీడ పోతుంది, నీళ్లు వేడెక్కుతాయి. వంద ఆవులు ఏప్రిల్‌లో రెండు వారాలు మేసి వెళ్తే గట్టు మళ్లీ కోలుకుంటుంది. ఇరవై ఆవులు జులై అంతా తిష్ఠ వేస్తే కోలుకోదు. అందుకే మందను తగ్గించడమొక్కటే మందు అంటే నేను ఒప్పుకోను.

మీ అబ్బాయి ఊరికి దగ్గరలోనే, కార్లిన్ అనే ఊరి పక్కన, సూజీ క్రీక్ అనే వాగు ఉంది. 1990ల మొదట్లో అక్కడి పశువుల యజమానులూ అధికారులూ కూర్చుని, నడివేసవిలో మందలు వాగు దగ్గర ఉండకుండా మేత రోజులు మార్చారు. ఆవుల్ని తరిమేయలేదు. తుంగ వచ్చింది, విల్లోలు లేచాయి, వాటి వెనకే బీవర్లనే నీటి జంతువులు వచ్చి కొమ్మలతో ఆనకట్టలు కట్టాయి. ఒకప్పుడు గులకరాళ్లు తేలిన వాగు ఇప్పుడు మడుగులు మడుగులుగా నిలుస్తోంది. అది చూసినప్పుడల్లా నా మనసు నిండిపోతుంది.

దూరంగా తొట్టెలు పెట్టి నీళ్లు అందిస్తే, ఉప్పుగడ్డలు వాగుకు ఎడంగా, మిట్టమీద పెడితే మంద అటు మళ్లుతుంది. అయితే తొట్టె ఒక్కటే పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. గుర్రమెక్కి రోజూ తోలే మనిషి కూడా ఉండాలి.

మీ అబ్బాయి ఈసారి వెళ్లినప్పుడు గట్టు ఫోటో తీయమనండి. తేదీ, చోటు రాసి ఆ బ్యూరో వాళ్ల ఎల్కో జిల్లా ఆఫీసుకు పంపమనండి. ఆవులు ఉన్నాయని ఫిర్యాదు చేయక్కర్లేదు. జులైలో అదే వాగు దగ్గర అవి ఎన్ని రోజులు ఉండొచ్చని పర్మిట్‌లో ఉందో అడిగితే చాలు.