1917 నాటి కంపాస్ అమెరికా వెళ్లవచ్చా?

ప్రశ్న: మాది కావలి. సర్వేయర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నెల్లూరులో ఒక పాత సామాన్ల కొట్టులో రెండు మిలిటరీ కంపాస్‌లు (దిక్సూచులు) కొన్నాను. ఒకదాని మూత మీద 1917 అని, రెండోదాని మీద 1943 అని చెక్కి ఉంది. రెండింటికీ బాణం గుర్తు ఉంది. అది సర్కారు సొత్తనీ, ఇంట్లో ఉంచుకుంటే కేసవుతుందనీ మా బావమరిది అంటున్నాడు. అమెరికాలో ఉన్న మా అబ్బాయేమో తెచ్చిపెట్టమంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: మీ బావమరిది గారి మాటలో సగం నిజం. ఆ బాణం బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు వేసే ముద్రే. కానీ యుద్ధాలయ్యాక మిగిలిన సామానును ప్రభుత్వమే అమ్మేసింది. అలా అమ్మిన కొన్నింటి మీద మొనకు మొన ఎదురుగా ఇంకో బాణం కొట్టేవారు. భూతద్దం పెట్టి వెతకండి. లేకపోయినంత మాత్రాన దొంగసొత్తు అయిపోదు. దొంగసొత్తని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో దురుద్దేశంతో తీసుకుంటేనో, దగ్గర ఉంచుకుంటేనో మాత్రమే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ వర్తిస్తుంది.

రసీదు తీసుకున్నారా? తీసుకుని ఉండరు. పాత సామానుకు రసీదు అడిగితే కొట్టాయన మనల్ని ఎగాదిగా చూస్తాడు. ఇప్పుడైనా వెళ్లి కొన్న రోజు, ధర, మూత మీది అక్షరాలు, అంకెలు రాయించుకోండి. సంతకం కింద మాత్రం రాసిన రోజు తేదీయే ఉండాలి. పాత తేదీ వేయించారో, మంచి కాగితం కాస్తా అబద్ధపు కాగితమవుతుంది.

అసలు చిక్కు ప్రయాణంలో ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్లు నిండిన చారిత్రక వస్తువు పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అమ్మడం లేదు, కన్నకొడుక్కి ఇస్తున్నానంటే కుదరదు. చేతిసంచిలో పెట్టుకెళ్లినా ఎగుమతే. తప్పు రుజువైతే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, పైగా జరిమానా. లండన్‌లో చేసిన ఇత్తడి డబ్బా మన పురావస్తువు ఎలా అవుతుందని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపిస్తుంది. చట్టం మాత్రం వస్తువు పుట్టిన ఊరు అడగదు, వయసు అడుగుతుంది.

1943 నాటి దానికి 2043 దాకా ఆ బెడద లేదు. అయినా విమానాశ్రయంలో వాదించే కన్నా, అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి ముందే ధ్రువపత్రం తీసుకోండి. 1917 నాటిదాన్నీ అక్కడే చూపించండి. పాత సంవత్సరం చెక్కిన కొత్త ఇత్తడి నకళ్లు బజారులో చాలా ఉన్నాయి. నకలని తేలితే జేబుకు నష్టమే గానీ ప్రయాణానికి అడ్డు ఉండదు.

ఇంట్లో ఉంచుకోవడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అది విగ్రహాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతుల వంటి వాటికే. అయితే నూరేళ్లు దాటినవి కొని అమ్మడం వ్యాపారంగా పెట్టుకుంటే లైసెన్సు కావాలి.

ఇది చట్టం మాట కాదు గానీ, చీకట్లో కనిపించడానికి ఆ రోజుల్లో వీటిలో చాలావాటికి రేడియం అనే అణుధార్మిక పదార్థం కలిపిన పూత వేసేవారు. ఇప్పుడు వెలగకపోయినా రేడియం పోదు. శుభ్రం చేద్దామని అద్దం విప్పకండి, ఆ పూతను గోటితో గీకకండి.