మూర్ఛకు గంజాయి మందా?

ప్రశ్న: డాక్టరు గారూ, అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు ఒక ఉత్సవానికి వెళ్ళాం. వైద్యానికి గంజాయిని అనుమతించాలంటూ కొందరు స్వచ్ఛందంగా బల్ల వేసుకుని సంతకాలు సేకరిస్తున్నారు. ఒక పెద్దావిడ నా చేతిలో కలం పెట్టింది. మా మనవరాలికి మూర్ఛ. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మనమూ అలా అడగవచ్చా?
- ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చట్టం మార్చమని అడగడం తప్పు కాదు. కాలిఫోర్నియాలో 1996లో ఓటర్లే వైద్య గంజాయికి దారి తెరిచారు. అయితే మన 1985 మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి దగ్గర ఉంచుకోవడమే నేరం. బల్ల మీద కాగితాలు తప్ప మరేమీ ఉండకూడదు.

పాప విషయమే నాకు ముఖ్యం. 2018లో అమెరికా ఆమోదించింది పొగను కాదు, ఆ మొక్క నుంచి శుద్ధి చేసిన కన్నబిడియాల్ ద్రావణాన్ని. అదీ డ్రావే, లెన్నాక్స్-గాస్టో అనే మొండి మూర్ఛలకు. దానికి గంజాయి కిక్కు ఉండదు గానీ, కాలేయ పరీక్షలు చేయిస్తూ వాడాలి. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వేసుకునే పిల్లలైతే మరీ జాగ్రత్త. ఎవరో ఇచ్చిన నూనె ఒక్క చుక్క కూడా పట్టకండి. ఇప్పటి మాత్రలు ఒక్క పూట కూడా ఆపకండి. మూర్ఛ ఎప్పుడు వచ్చింది, ఎన్ని నిమిషాలుంది, నోటుపుస్తకంలో రాసి నరాల వైద్యుడికి చూపించండి.