ముట్లుడగడం గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగా రాసావు గానీ మొదటి లైన్లోనే "యాభై దాటిన ప్రతి స్త్రీకీ" అన్నావేటి? మా బరంపురంలో ముప్ఫై ఐదుకే గర్భసంచి ఆపరేషన్ అయిపోయినవాళ్లు ఉన్నారు, వాళ్లని ఎక్కడ పెడతావు? అండాశయాలు ఉంచేస్తే నెలసరి ఒక్కటే ఆగుతుంది, హార్మోన్లు వస్తూనే ఉంటాయి, రెండు అండాశయాలూ తీసేస్తే మాత్రం చాలామందికి కొద్దిరోజులకే వేడి ఆవిర్లు మొదలు. పుట్టినప్పుడు ఆడపిల్లన్నా మగవాళ్లుగా బతికే ట్రాన్స్ వాళ్లూ ఉన్నారు, వాళ్లలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తీసుకునేవాళ్లకి నెలసరి ఆగడం మామూలే, దాన్ని ముట్లుడగడం అనెయ్యకు.

ఇక్కడో ఆస్పత్రి ఓపీలో చూసాను, నలభై దాటిన గడ్డపాయన, చీటీలో "భర్త పేరు" అన్న గడి ఖాళీగా వదిలేసి బెంచీ చివర కూర్చున్నాడు, నర్సు అలవాటుగా "ఏ మావుసీ" (ఒడియాలో పిన్నీ) అని కేకేసింది, లైనంతా తిరిగి చూసింది, ఆయన చీటీ జేబులో పెట్టుకుని డాక్టర్ని చూడకుండానే వెళ్లిపోయాడు. పక్కన పెళ్లి కాని టీచరమ్మ కూడా అదే గడి దగ్గర పెన్ను ఆపేసింది. ఆవిడ సంగతి ఎవరూ రాయరు, నువ్వైనా రాయి.

అలాగని ప్రతి వాక్యంలో "అండాశయాలు కలిగిన వ్యక్తులు" అని రాసావనుకో, మా వీధిలో పట్టు నేసే అక్క అది తన గురించే అనుకోదు. ఆరోగ్యం సంగతి చెప్పేటప్పుడు "వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే" అను, "నెలసరి ఆగినవాళ్లు" అను, ఆడా మగా తేవక్కర్లేదు. ఒక మనిషి కథ చెప్తుంటే ఆ మనిషి తనని ఏమనుకుంటే అదే రాయి, జెండర్ ఎవరిది వాళ్లే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టే 2014లో చెప్పింది కదా. లెక్కల దగ్గర మాత్రం జాగ్రత్త. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే గర్భసంచి ఆపరేషన్ గురించి అడిగింది 15-49 ఏళ్ల స్త్రీలనే, అక్కడ స్త్రీలు అనే రాయాలి, "అందరూ" అంటే అబద్ధమవుతుంది.

ఇంకోటి, చివర్లో "స్త్రీత్వం కోల్పోతుంది" అన్నావు చూడు, అది కొట్టేయ్. మీ అమ్మ చదివితే ఆ పూట నీకు అన్నం పెట్టదు. దిద్ది ఆదివారంలోగా పంపితే ఒడియాలోకి అనువాదం చేసే అమ్మాయికి ఇస్తాను.

అక్క