చేలో ఉన్నది కదిరి లేపాక్షేనా? డీఎన్ఏతో తేల్చడం ఎలా

ఉమ్మడి అనంతపురంలో కదిరి లేపాక్షి అనే చెనక్కాయ (వేరుశనగ) రకం ఎంతమంది వేశారో తేల్చడానికి రైతుని అడిగితే చాలదా, డీఎన్ఏ పరీక్ష కావాలా, ఆకు ఎట్లా తీయాలి అని అడిగారు.

రైతుని తప్పకుండా అడగండి, కానీ ఆ జవాబునే లెక్కలో వేసుకోకండి. "సబ్సిడీ కాయలు", "పక్కూరి నుంచి తెచ్చినవి" అనే రైతు అబద్ధం చెప్పడం లేదు, ఆయనకు అందిన సంచితో పేరు రాలేదు. ఆకు తీయకముందే ఆయన చెప్పిన పేరు, విత్తనం ఎక్కడిది, ఎన్నేళ్లుగా దాచుకుంటున్నారు అనేవి రాసుకోండి.

ఎక్కువమంది దెబ్బతినేది రిఫరెన్స్ దగ్గర, అంటే చేలో ఆకును పోల్చి చూసే అసలు నమూనా దగ్గర. కదిరి పరిశోధన కేంద్రం బ్రీడర్ విత్తనమే (స్వచ్ఛమైన మూల విత్తనం) తెచ్చుకోవాలి, అంగడి సంచి పనికిరాదు. లేపాక్షితో పాటు కె-6, కదిరి-9, జేఎల్-24, ఐసీజీవీ 91114, ఆఖరికి 1940 నాటి టీఎంవీ-2 రకాలు కూడా ఉండాలి. లిస్టులో లేని రకం చేలో ఉంటే, పోలిక దగ్గరున్న వేరే రకం ఖాతాలో పడిపోతుంది. ఒక్కో రకంలో కనీసం 10 మొక్కలు విడివిడిగా పరీక్షించండి. డీఎన్ఏ ఎంత సరిపోలితే "అదే రకం" అనాలో ఆ మొక్కల మధ్య తేడాను బట్టే నిర్ణయించాలి.

ఆకు విత్తిన 25–40 రోజుల్లో తీయండి, కొసన విచ్చుకుంటున్న లేతది. ముదురు ఆకులో జిగురు ఎక్కువ, తిక్కాకు మచ్చలుంటే బూజు డీఎన్ఏ కూడా కలుస్తుంది. గట్టు వదిలి లోపల, మూల నుంచి మూలకు నడుస్తూ 12–15 మొక్కలు తీసుకోండి. అన్నీ ఒకే కవరులో కలిపితే కల్తీ ఉందో లేదో తెలుస్తుంది, ఏ రకాలు కలిశాయో విడదీయడం కష్టం. చెనక్కాయ పువ్వు దాదాపు తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి కల్తీ ఎక్కువగా కళ్లంలో, నూర్పిడి యంత్రంలో, సంచుల్లో జరుగుతుంది. అనుమానమున్న చేలో మొక్కకొక కవరు పెట్టండి.

కవరులో ఆకు బరువుకు పదింతలు సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) వేయండి, రంగు మారితే మార్చండి. మరుసటి రోజు నలిపితే ఆకు పెళుసుగా విరగాలి. ఎండలో నిలిపిన జీపులో పచ్చి ఆకు వదిలితే ఉడికిపోయి డీఎన్ఏ ముక్కలవుతుంది. కవరు మీద పెన్సిల్‌తోనే రాయండి. ల్యాబుకు నమూనాలు పెట్టే 96 గుంతల ప్లేటులో రెండు ఖాళీలు ఒక మూలకే వదలండి, ప్లేటు తిరగబడితే అవే పట్టిస్తాయి.

ఫలితాల్లో ఒకటి చూసుకోండి. చెనక్కాయలో రెండు పూర్వీకుల జీనోములు (మొత్తం డీఎన్ఏ) పక్కపక్కనే ఉంటాయి. ఒకే మార్కర్ (రకాలను వేరుచేయడానికి చూసే డీఎన్ఏ గుర్తు) రెండింటినీ పట్టుకుంటే ప్రతి మొక్కా సంకరంలా కనిపిస్తుంది. బ్రీడర్ విత్తనంలోనూ అట్లా చూపించే మార్కర్లను ముందే తీసేయండి. కర్నూలు నల్లరేగడి శనగలో ఈ చిక్కు లేదు, అక్కడ జేజీ-11, నంద్యాల రకాల రిఫరెన్స్ గట్టిగా ఉంటే పని సులువు.